పదిహేడో నంబరు సుత్తి

“ఆ చెట్టు నేను కొయ్యలేదు సార్.”

రంపం మేస్త్రీ ఆ మాట అనడం అది పదకొండోసారి. ఇనస్పెక్టరు లెక్కపెడుతూనే ఉన్నాడు. అడిగిందే అడగడం ఆయన పద్ధతి. అందుకే స్టేషన్లో ఆయనకు ‘నస’ అని పేరు. అబద్ధం చెప్పేవాడు పదిసార్లూ అవే మాటలు అదే వరసలో అప్పజెబుతాడనీ, నిజం చెప్పేవాడు ఒకటి మరిచిపోయి ఇంకోటి గుర్తుతెచ్చుకుంటూ తడబడతాడనీ ఆయన నమ్మకం. మేస్త్రీ మొదటినుంచీ తడబడుతూనే ఉన్నాడు.

అది అటవీ రేంజి ఆఫీసులో విత్తనాలు దాచే గది. గోడ పొడవునా గోనె సంచులు, ప్రతి సంచికీ చీటీ, చీటీ మీద ఏ చెట్టు గింజలు, ఏ నెలలో ఏరారు అన్న వివరం. ఆ చీటీలన్నీ నిన్న చెట్టు కింద నలిగి చనిపోయిన ఫారెస్టరు చేతిరాతే. పొందికైన రాత. ఆ రాత మధ్యన కూచోబెట్టి ఆయన్ను చంపావా అని అడుగుతుంటే మేస్త్రీ తలెత్తి చూడలేకపోతున్నాడు.

“నిన్న పన్నెండుకి రంపం గొలుసు తెగిందన్నావు. తర్వాత?”

“బజారుకెళ్ళాను సార్, బాగుచేయించడానికి. కొట్టువాడు అన్నం తినడానికి వెళ్ళాడు. వచ్చేదాకా అరుగు మీద కూచున్నాను.”

“నిన్నెవరు చూశారు?”

“అరుగు మీద కూచున్నవాణ్ణి ఎవరు చూస్తారు సార్?”

“కొట్టువాడు నువ్వు రెండున్నరకి కనిపించావంటున్నాడు. ఫారెస్టరు పన్నెండుకీ రెండుకీ మధ్య పోయాడు. ఆ రెండు గంటలకీ సాక్ష్యం లేదు. మొన్న కూపులో ఆయనతో గొడవ కూడా పడ్డావు.”

“గొడవ కాదు సార్, తిట్టించుకున్నాను. చెట్టు పడే దారిలో మొలకలుంటే చూసుకోకుండా గాటు పెట్టాను. ‘పెద్దది పోతోందని చిన్నవాటిని కూడా చంపుతావా’ అని తిట్టారు. ఆయన తిట్టారంటే మనం తప్పు చేసినట్టే. పద్దెనిమిదేళ్ళు ఆయన చూపించిన చెట్టే కొట్టాను. చూపించనిది ముట్టుకోలేదు.” ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. “ఆ చెట్టు కోశాక మిగిలిన మొద్దు మీద కళ్ళెం ఉందా సార్?”

ఇది పదకొండుసార్లలోనూ రాని మాట. ఇనస్పెక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“కళ్ళెమేమిటి?”

“చెట్టుని ఒక వైపు నుంచి గాటు పెట్టి, రెండో వైపు నుంచి కోసుకొస్తాం. మధ్యలో వేలెడు మందం చెక్క కొయ్యకుండా వదిలేస్తాం. చెట్టు ఒరిగేటప్పుడు దాన్ని పట్టుకునే వంగుతుంది. మనం అనుకున్న వైపే పడుతుంది. అది లేకపోతే ఎటు పడుతుందో దేవుడిక్కూడా తెలీదు. నేను కోసిన మొద్దుల్లో ఒక్కదానికైనా కళ్ళెం లేకపోతే నన్ను ఉరి తీయండి.”

ఇనస్పెక్టరు గడియారం చూశాడు. ఒకటీ ఇరవై. పై అధికారి పొద్దున ఫోనులో చెప్పిన మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది: ‘నాలుగింటికి వ్యాను పంపుతున్నాను. నీ దగ్గర గట్టి సంగతేదైనా ఉంటే ఆలోపు చెప్పు. లేకపోతే మేస్త్రీని కోర్టుకి పంపు. అడవి శాఖ వాళ్ళే రాసిచ్చాక మనకెందుకు?’ వ్యానెక్కితే ఆ కేసు ఇక దిగదు. ఆ సంగతి మేస్త్రీకి తెలియదు కానీ ఇనస్పెక్టరుకి బాగా తెలుసు.

* * *

కూపు అంటే ఆ ఏడు కొట్టడానికి గీత గీసి కేటాయించిన అడవి ముక్క. ఆఫీసు నుంచి జీపులో పావుగంట, తర్వాత పది నిమిషాల నడక. దారి చూపించడానికి ఆ అడవికి కాపలా కాసే బీట్ గార్డు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి. నిన్న రెండున్నరకి శవాన్ని మొదట చూసింది ఆవిడే. నడుస్తున్నంతసేపూ ఏడవలేదు, మాట్లాడలేదు. చెట్టు దగ్గరికొచ్చాక మాత్రం నిలబడిపోయింది.

నలుగురు చేతులు కలిపినా అందనంత లావు చెట్టు. వాలుకి అడ్డంగా పడి ఉంది. మాను కింద నేల ఒకచోట నల్లగా తడిసి ఎండిపోయింది. మానుకి రొమ్మెత్తున తెల్లరంగు పట్టీ.

“ఈ తెల్ల పట్టీ ఏమిటమ్మా?”

“విత్తనాల చెట్టని గుర్తండీ. చుట్టుపక్కల అన్నీ కొట్టినా దీన్ని కొట్టకూడదు. దీని గింజలతోనే మా నర్సరీ నడుస్తుంది. పన్నెండేళ్ళ కిందట ఫారెస్టరు గారే ఎంచి రంగు వేయించారు. ఎండాకాలం వస్తే దీని చుట్టూ ఆకులు తనే ఊడ్చేవారు, నిప్పు పాకకుండా.”

“అలాంటి చెట్టుకి ఆయనే నరుకుడు ముద్ర వేశాడంటున్నారు.”

“ముద్ర ఉంది కదండీ మరి.” ఆవిడ గొంతులో తనకే నమ్మకం లేదు.

ఇనస్పెక్టరు మొద్దు దగ్గర మోకాళ్ళ మీద కూచున్నాడు. ముందు కళ్ళెం కోసం చూశాడు. లేదు. ఈ చివరినుంచి ఆ చివరికి పూర్తిగా కోసేశారు. కోత మధ్యలో రెండుచోట్ల మెట్లు పడ్డాయి. రంపం పట్టడం వచ్చినవాడు కోసినట్టు లేదు, వెనకనుంచి ఎవరో తరుముతుంటే కోసినట్టుంది.

“ముద్ర ఎలా వేస్తారో చెప్పమ్మా. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పు.”

“ఫారెస్టరు గారు చెట్టు చుట్టూ తిరిగి చూస్తారండీ. వయసు, రోగం, పక్క చెట్లకి అడ్డమా, కింద మొలకలున్నాయా, అన్నీ. కొట్టొచ్చు అనుకుంటే గొడ్డలితో బెరడు అరచెయ్యంత చెక్కుతారు. ఆ తెల్లటి చోట సుత్తితో కొడితే సుత్తి మొహం మీదున్న నంబరు దిగుతుంది. ఒక్కో ఫారెస్టరుకి ఒక్కో నంబరు. మా సారుది పదిహేడు. పైన ఒకటి కొడతారు, నేలకి జానెడెత్తున ఇంకోటి. చెట్టు లారీ ఎక్కి పోయినా మొద్దు మీద ముద్ర మిగలాలి కదా. ముద్ర లేని మొద్దు కనపడితే అది దొంగతనం కింద లెక్క.”

“అంటే ముద్ర ముందు, కోత తర్వాత.”

“ఎప్పుడైనా అంతేనండీ.”

ఇనస్పెక్టరు బొటనవేలితో మొద్దు మొదట్లో ఉన్న ముద్రను తడిమాడు. తర్వాత నేల మీద దాదాపు బోర్లా పడుకుని జేబులోంచి భూతద్దం తీశాడు. ఆ భూతద్దాన్ని చూసి స్టేషన్లో అందరూ నవ్వుతారు. గార్డు నవ్వలేదు.

మొద్దు చుట్టూ రంపపు పొట్టు పచ్చగా పరుచుకుని ఉంది. ముద్ర కోసం చెక్కిన బెరడు పేళ్ళు ఆ పొట్టు మీద పడి ఉన్నాయి. ఒక పేడు తీసి చూశాడు, దాని కిందా పొట్టే. ఇంకోటి తీశాడు, అదీ అంతే. ముద్ర ముందైతే పేళ్ళు అడుగునా పొట్టు పైనా ఉండాలి. ఆ తర్వాత ముద్రలోకి చూశాడు. ఒకటి, ఏడు. ఆ అంకెల గాళ్ళలో రంపపు పొట్టు చెక్కలోకి అణిగిపోయి గట్టిగా పట్టుకుని ఉంది. గోటితో గీకినా రాలేదు. పొట్టు అంటుకున్న చెక్క మీద సుత్తి దెబ్బ పడితే తప్ప అలా దిగబడదు.

“చెట్టు కూలాక ముద్ర వేశారు,” అన్నాడు మెల్లగా. “చచ్చిన మనిషి లేచి వేశాడా?”

గార్డు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఆయన కొట్టిన ముద్ర, అసలుసిసలుది, ఇక్కడ ఇంకోటుందా?”

వాలులో పదడుగుల కింద ఇంకో మొద్దు చూపించింది. వేలెడు కళ్ళెం చక్కగా నిలబడి ఉంది, మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. దాని ముద్రలో ఏడు అంకె తోక కిందిదాకా ఉంది. విత్తనాల చెట్టు మొద్దు మీది ఏడుకి తోక సగమే, అరిగిపోయినట్టుంది.

“సుత్తి మధ్యలో రాతికి తగిలిందేమోనండీ,” అంది గార్డు.

“సుత్తి ఆయన నడుముకే ఉందా నిన్న?”

“తోలు సంచి ఉందండీ. అందులో సుత్తి ఉందో లేదో నేను చూడలేదు. ఆయన్ని అలా చూశాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పరిగెత్తుకెళ్ళి మూడింటికి పై ఆఫీసుకి ఫోను చేశాను. మా శాఖలో అక్రమాలు విచారించే విజిలెన్స్ అధికారి గారు పాపం అక్కణ్ణించి నాలుగున్నరకల్లా వచ్చేశారు. సంచిలోంచి సుత్తి తీసింది ఆయనే.”

‘పాపం’ అన్న మాట దగ్గర ఇనస్పెక్టరు మనసు ఒక్క క్షణం ఆగింది. ఎందుకు ఆగిందో వెనక్కెళ్ళి చూసుకోలేదు. పొట్టు సంగతి దొరికిన ఉత్సాహంలో ఉన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన తనను తాను తిట్టుకున్నది ఈ ఒక్క క్షణానికే.

* * *

మూడింటికి ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఫారెస్టరు భార్య వరండాలో బల్ల మీద కూచుని ఉంది. భర్త వస్తువులు తీసుకెళ్ళమని కబురుపెట్టారు. ఒళ్ళో ఒక టోపీ, కొలత టేపు, చేతిగడియారం. గడియారం ఇంకా ఆడుతోంది. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

“అమ్మా, ఒక్క ప్రశ్న. నిన్న ఆయన ముద్రలు వేసే పని మీద వెళ్ళారా?”

ఆవిడ అటూ ఇటూ చూసింది. “చెబితే ఆయన ఉద్యోగానికి ఏమీ కాదు కదండీ?”

చచ్చిపోయిన మనిషి ఉద్యోగం గురించి ఆవిడ భయపడుతోంది. “ఏమీ కాదమ్మా,” అన్నాడు ఇనస్పెక్టరు.

“సుత్తి ఎవరికీ ఇవ్వకూడదు, ఎక్కడా వదలకూడదు, అది వాళ్ళ రూలట. కానీ మూడు రోజుల నుంచి అది మా ఇంట్లోనే ఉందండీ. బియ్యం డబ్బాలో పెట్టారు. ‘నేను వేయని ముద్రలు నా నంబరుతో పడుతున్నాయి. ఎక్కడెక్కడి చెట్లో పోతున్నాయి. సుత్తి ఇంట్లో ఉండగా ఇంకో ముద్ర పడిందంటే దొంగ దొరికినట్టే’ అన్నారు. ఖాళీ సంచి కట్టుకుని వెళ్ళారు, ఎవరికీ అనుమానం రాకూడదని. పై ఆఫీసుకి ఉత్తరం కూడా రాశానన్నారు. ఎవరికి రాశారో నాకు చెప్పలేదు.”

“పొద్దున బియ్యం తీసేటప్పుడు చూశారా?”

“నిన్నటి నుంచి వంట ఎక్కడిదండీ. ఇప్పుడు వచ్చే ముందు డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకుని వచ్చాను. ఉంది. ఆయన చివరిసారి దాచింది అదే కదా, ఉందో లేదో చూడాలనిపించింది.”

ఇనస్పెక్టరు ఆవిడ ముందు నేల మీదే చతికిలబడ్డాడు. మేస్త్రీ మెడకు పడిన తాడు బియ్యం డబ్బాలో ఊడిపోయింది. “అమ్మా, ఆటోలో ఇంటికెళ్ళండి. దాన్ని ముట్టుకోకండి. ఐదింటిలోపు నేనే వచ్చి తీసుకుంటాను. నేను వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు.”

ఎవరికీ చెప్పొద్దని ఆవిడకి చెప్పాడు. తనకు తాను చెప్పుకోలేదు. పరాయివాళ్ళ రహస్యమైతే ఆయన గుండెల్లోంచి గునపం పెట్టినా రాదు. తను గెలిచిన సంగతి మాత్రం ఆయన నోట్లో నువ్వుగింజ నానినంతసేపు కూడా ఆగదు. ఇంట్లో భార్య పాతికేళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నది ఇదే.

* * *

విజిలెన్స్ అధికారి ఆఫీసు గదిలో కుర్చీలో కూచుని కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. మడత నలగని చొక్కా చూసి కింది ఉద్యోగులు ఆయన్ను ‘ఇస్త్రీ దొర’ అంటారు. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో ఒక సుత్తి. పిడి వాడివాడి నల్లగా నున్నబడింది.

“మూడూ ఇరవై,” అన్నాడు తలెత్తకుండా. “వ్యాను బయల్దేరిందట. మీ వాణ్ణి సిద్ధం చేశారా, లేక నేల మీద పొర్లడం ఇంకా అయిపోలేదా? మోకాళ్ళకి మట్టి ఉంది.”

“కొన్ని సంగతులు కూచుంటే కనపడవు. పొర్లితేనే కనపడతాయి.”

“చూడండి ఇనస్పెక్టరు గారూ. చెట్టుకి ముద్ర ఉంది. ముద్ర వేసిన సుత్తి ఆయన నడుముకే ఉంది. అంటే ఆయన దగ్గరుండి కొట్టించాడు. మేస్త్రీ కోపం మీదున్నాడు, చెట్టు ఆయన మీదికి వదిలాడు. కావాలని చేశాడో పొరపాటున చేశాడో కోర్టు తేలుస్తుంది. ఇందులో మీ బుర్ర బద్దలుకొట్టుకోవాల్సింది ఏముంది?”

“ఆయన పన్నెండేళ్ళు ఊడ్చి కాపాడిన చెట్టుకి ఆయనే ముద్ర వేశాడా?”

“చెట్టు ముసలిదైంది. వృత్తిలో మమకారాలుండవు. అడవి గురించి నాకు మీరు పాఠం చెప్పకండి.”

“చెప్పను. మీ అడవి మీకు చెప్పిందే నేనూ విన్నాను. పేళ్ళు పొట్టు మీదున్నాయి. ముద్ర గాళ్ళలో పొట్టు అణిగి ఉంది. చెట్టు పడ్డాకే ముద్ర పడింది.”

అధికారి కలం ఆగింది. “గాలికి ఎగిరిన పొట్టు గాళ్ళలోకి దూరకూడదా? కోర్టులో ఈ మాటంటే కిందపడి నవ్వుతారు. రంపపు పొట్టుతో మనిషిని విడిపిస్తారా మీరు?”

ఆ నవ్వు చూసేసరికి ఇనస్పెక్టరుకి ఒళ్ళు మండింది. ఇరవై నాలుగు గంటలుగా ఈ మనిషి తనను పురుగుని చూసినట్టు చూస్తున్నాడు. నాలిక చివరికొచ్చిన మాటను ఆపుకోలేకపోయాడు.

“పొట్టుతో కాదు, సుత్తితో విడిపిస్తాను. మీ కవరులో ఉన్నది ఆయనది కాదు. అసలు పదిహేడో నంబరు మూడు రోజులుగా ఆయన ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది. ఇప్పటికీ ఉంది. ఫారెస్టరంటే నడుముకి సుత్తి ఉండితీరాలి కాబట్టి ఖాళీ సంచిలో తనది పెట్టాడు ఆ దొంగ. అక్కడే దొరికిపోయాడు.”

అధికారి కలానికి మెల్లగా మూత పెట్టాడు. మొహంలో ఏ మార్పూ లేదు. పైగా గొంతు మెత్తబడింది.

“ఇది మీరు ముందే చెప్పాల్సింది. ఇంకెవరికి చెప్పారు?”

“మీకే మొదట.”

“మంచిది. అయితే వ్యాను ఆపించాల్సిందే. పైవాళ్ళతో నేను మాట్లాడతాను. ఇక్కడ లైను సరిగ్గా లేదు, ఊళ్ళోకి వెళ్ళి చేస్తాను.” కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. కవరులోని సుత్తిని బల్ల మీదే వదిలేసి బయటికి నడిచాడు.

మూడున్నరకి కారు గేటు దాటింది. ఇంత సులువుగా దారికొస్తాడని ఇనస్పెక్టరు అనుకోలేదు. విత్తనాల గదిలోకి వెళ్ళి మేస్త్రీకి మంచినీళ్ళిచ్చాడు. “ఇవాళ నువ్వు వ్యానెక్కవు,” అన్నాడు. మేస్త్రీ గ్లాసు పట్టుకుని అలాగే ఏడ్చాడు. విడుదలవుతున్నందుకు కాదనీ, ఇప్పటిదాకా ఫారెస్టరు కోసం ఏడవడానికి తీరిక దొరకలేదనీ చెప్పాడు.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. ఒకే నంబరుతో రెండు సుత్తులు ఎలా వచ్చాయి? తిరిగొచ్చి ఆఫీసు ఫోనెత్తి పై ఆఫీసుకి చేశాడు. లైను సరిగ్గానే ఉంది. గొంతులు స్పష్టంగా వినిపిస్తున్నాయి. గుమస్తా ఫైలు వెతకడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా ఇనస్పెక్టరు కవరులోని సుత్తిని వెలుతురులో తిప్పి చూశాడు. ఏడు అంకె తోక సగం అరిగిపోయింది.

“దొరికిందండీ,” అన్నాడు గుమస్తా. “పాత పదిహేడు అరిగిపోయిందని మూడేళ్ళ కిందట వెనక్కి పంపారు. అదే నంబరుతో కొత్తది ఇచ్చాం. పాతది కరిగించేసినట్టు సర్టిఫికెట్టుంది.”

“కరిగించడం కళ్ళారా చూసి సంతకం పెట్టిందెవరు?”

“మా విజిలెన్స్ అధికారి గారేనండీ. అక్కడే ఉన్నారుగా, ఆయన్నే అడక్కపోయారా?”

ఇనస్పెక్టరు చేతిలోని సుత్తిని బల్ల మీద పెట్టాడు. “ఆయన నిన్న మీ దగ్గర్నుంచి ఎన్నింటికి బయల్దేరాడు?”

“పొద్దున ఏడింటికేనండీ. ఆ ఫారెస్టరు రాసిన ఉత్తరం ఆయనకే వచ్చింది కదా, దాని మీద ఎంక్వైరీకని వెళ్ళారు. ఇక్కణ్ణించి మీ దగ్గరికి మూడు గంటల దారి.”

నిన్న గార్డు ఫోను వెళ్ళింది మూడింటికి. ఆయన వచ్చింది నాలుగున్నరకి. మూడు గంటల దారి. గార్డు ‘పాపం’ అన్నప్పుడు తన మనసు ఆగింది ఇందుకే. ఫారెస్టరు దొంగను పట్టుకోమని దొంగకే ఉత్తరం రాశాడు. కంచే చేను మేస్తుంటే పాపం ఆ మనిషి కంచెకే మొరపెట్టుకున్నాడు. తను అంతకంటే తెలివితక్కువ పని చేశాడు. సుత్తి ఏ డబ్బాలో ఉందో కూడా చెప్పి పంపాడు.

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. ఫారెస్టరు ఇల్లు కారులో ఇరవై నిమిషాలు. జీపు తియ్యమని కేక వేసి ఆ ఇంటి నంబరు తిప్పాడు. నాలుగోసారి మోగాక ఆవిడ ఎత్తింది.

“అమ్మా, నేను ఇనస్పెక్టర్ని. సుత్తి డబ్బాలోనే ఉందా?”

“ఇచ్చేశాను కదండీ,” అంది ఆవిడ. “మీరే పంపారని మీ అధికారి గారు వచ్చారు. బియ్యం డబ్బాలో ఉందని ఆయనే చెప్పారు, మీరు చెప్పి ఉంటేనే కదా తెలుస్తుంది, అందుకే ఇచ్చాను. ఏం, ఇవ్వకూడదా?”

“వెళ్ళిపోయాడా?”

“లేదండీ, ముందు గదిలోనే ఉన్నారు. ఈ సుత్తి సంగతి ఇంకెవరికి తెలుసని అడిగారు.”

“ఏం చెప్పారమ్మా?”

“ఉన్నదే చెప్పాను. మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదన్నాను.” ఆవిడ తర్వాతి మాట ఇనస్పెక్టరుతో కాదు, ఫోనుకి దూరంగా, వెనక్కి తిరిగి అన్నది. “ఎందుకండీ వీధి తలుపు గడియ పెడుతున్నారు?”